మిషిగనా, ఒహాయో స్టేటా, అలబామానా? గెలుపుల లెక్క చూసి కాలేజ్ ఫుట్‌బాల్ జట్టును ఎంచుకోవడం

డాలస్ చుట్టుపక్కల చదువుకున్న మనవాళ్ళకి ఒక తమాషా ఇబ్బంది ఉంది. సెప్టెంబరు వచ్చిందంటే ఆఫీసులో సోమవారం పొద్దున్న కాలేజ్ ఫుట్‌బాల్ ముచ్చట్లు తప్ప ఇంకో మాట ఉండదు. "మీదే జట్టు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) డాలస్‌కి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంఘం) ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో తన జట్టుకి మంగళం పాడేసింది. మిస్సోరీలో మనవాళ్ళు ఎక్కువగా చేరే సెంట్రల్ మిస్సోరీకి జట్టుంది గానీ, ఆడేది కింది స్థాయైన డివిజన్ 2లో. కాబట్టి చాలామంది ఏదో ఒక పెద్ద జట్టును దత్తత తీసుకోవాల్సిందే.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే. ఎక్కువ మ్యాచ్‌లు గెలిచింది ఎవరని వెతుకుతారు. మిషిగన్ అని తేలుతుంది. టోపీ ఆర్డర్ పెట్టేస్తారు. మిషిగన్‌ని ఎంచుకోవడంలో తప్పేం లేదు, ఆ కారణంతో ఎంచుకోవడంలోనే ఉంది చిక్కంతా. చరిత్రలో మొత్తం గెలుపులు అనే అంకె జట్టు బలాన్ని కొంతే చెబుతుంది, వయసునీ ఓపికనీ చాలా చెబుతుంది. దాన్ని ఎలా చదవాలో తెలిస్తే ఎంపిక మారొచ్చు.

మొత్తం గెలుపులు: పెద్ద అంకె, చిన్న సమాచారం

మిషిగన్ 2023 నవంబరు 18న మేరీల్యాండ్‌ను 31–24తో ఓడించి 1,000 గెలుపులు అందుకున్న మొదటి జట్టయింది. ఆ రోజు హెడ్ కోచ్ జిమ్ హార్బా మైదానంలో లేడు, సస్పెన్షన్‌లో ఉన్నాడు. రికార్డులకీ వివాదాలకీ ఈ ఆటలో ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో చెప్పడానికి ఆ ఒక్క మధ్యాహ్నం చాలు.

మిషిగన్ ఫుట్‌బాల్ మొదలుపెట్టింది 1879లో. నోటర్ డామ్ 1887లో, ఒహాయో స్టేట్ 1890లో, అలబామా 1892లో, టెక్సస్ 1893లో, ఓక్లహోమా 1895లో వచ్చాయి. ఈ ఆరూ ఇవాళ 900 గెలుపులు దాటినవే. మిషిగన్ ఆధిక్యంలో ముందుగా మొదలుపెట్టిన ఆ పదేళ్ళ వాటా కూడా ఉంది. అలాగని ముందు పుట్టడం ఒక్కటే సరిపోదు. 1869 నవంబరు 6న జరిగిన మొట్టమొదటి కాలేజ్ మ్యాచ్‌లో రట్గర్స్ 6–4తో ప్రిన్స్‌టన్‌ని ఓడించింది. ఆ రట్గర్స్ ఇవాళ ఈ జాబితా దరిదాపుల్లో కూడా లేదు.

యేల్ సంగతి వేరు. అదీ 900 దాటిన జట్టే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఆటకి రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు వాల్టర్ క్యాంప్ అక్కడివాడే. కానీ ఆ గెలుపుల్లో పెద్ద భాగం, దేశంలో ఆడే కాలేజీలే కొన్ని ఉన్న రోజులవి. మన రంజీ ట్రోఫీలో బాంబే 1958–59 నుంచి వరసగా 15 సార్లు గెలిచింది. అది గొప్పే, కానీ ముప్పైకి పైగా జట్లున్న ఇవాళ్టి రంజీ పక్కన పెట్టి ఎవరూ కొలవరు కదా. యేల్, ప్రిన్స్‌టన్ అంకెల్నీ అలాగే చూడాలి. 1982 నుంచి ఐవీ లీగ్ పై స్థాయిలో ఆడటమే లేదు.

శాతం చూస్తే?

వయసు తేడాని సరిచేయడానికి గెలుపు శాతం చూడమంటారు. మంచి సలహానే. లెక్క ఇలా ఉంటుంది: గెలుపులకి సగం టైలు కలిపి, మొత్తం మ్యాచ్‌లతో భాగించాలి. నోటర్ డామ్ కోచ్ న్యూట్ రాక్‌నీ రికార్డు 105 గెలుపులు, 12 ఓటములు, 5 టైలు. 105కి రెండున్నర కలిపితే 107.5, దాన్ని 122తో భాగిస్తే 88.1 శాతం. పెద్ద స్థాయి కోచ్‌లలో ఆయనదే ఇప్పటికీ అత్యుత్తమం.

టైలు ఎందుకంటారా? 1996 సీజన్‌కి ముందు మామూలు మ్యాచ్‌లకి ఓవర్‌టైమ్ లేదు. సమానంగా ముగిస్తే అంతే. 1966లో నోటర్ డామ్, మిషిగన్ స్టేట్ 10–10తో ముగించిన మ్యాచ్ గురించి ఇప్పటికీ పోట్లాడుకునేవాళ్ళున్నారు. పాత జట్ల రికార్డుల్లో మూడో అంకె కనిపిస్తే అది ఇదే.

ఇంతా చేసి శాతం లెక్క వేస్తే ఏం తేలుతుంది? ఒహాయో స్టేట్, మిషిగన్, అలబామా, నోటర్ డామ్ నాలుగూ 73 శాతం చుట్టూనే తిరుగుతాయి. మధ్య తేడా దశాంశ చుక్క తర్వాతి అంకెల్లో. ఒక్క సీజన్ బాగా పోయినా, చెడ్డగా పోయినా పైది కిందికీ కిందిది పైకీ వస్తాయి. అంటే శాతం ఈ నలుగురినీ మిగతావాళ్ళ నుంచి విడదీస్తుంది గానీ, నలుగురిలో ఎవరు మేలో చెప్పలేదు. ఆ శాతాన్ని పట్టుకుని ఒహాయో వాళ్ళూ మిషిగన్ వాళ్ళూ కొట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది.

శాతానికి ఇంకో లొసుగు ఉంది. బాయిసీ స్టేట్ 1996లో గానీ పై స్థాయికి రాలేదు. తక్కువ చరిత్ర, బలహీనమైన కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే జట్ల గుంపు), దాంతో శాతం కళ్ళు చెదిరేలా ఉంటుంది. అలాగని తీసిపారేయలేం. 2007 జనవరి 1న, సీజన్ చివర్లో ఆడే పెద్ద మ్యాచ్‌ల్లో ఒకటైన ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాని ఓవర్‌టైమ్‌లో 43–42తో ఓడించింది వీళ్ళే. అంత పెద్ద మ్యాచ్ ఏడాదికి ఒకటి ఆడటం వేరు, వారం వారం ఆడటం వేరు.

ఎవర్ని ఓడించారు?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది. గెలుపుల పట్టికలో అన్ని గెలుపులూ ఒకే బరువు తూగుతాయి. 1916లో జార్జియా టెక్ కంబర్లాండ్‌ని 222–0తో చితగ్గొట్టింది. అదీ ఒక గెలుపే. 1901లో మిషిగన్ 11 మ్యాచ్‌లు ఆడి 550 పాయింట్లు చేసి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు, చివర్లో మొదటి రోజ్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్‌ని 49–0తో ముంచింది. అలబామా చరిత్రలో మొట్టమొదటి గెలుపు ఎవరి మీదో తెలుసా? 1892లో బర్మింగ్‌హామ్ హైస్కూల్ మీద, 56–0. స్కూలు పిల్లల మీద గెలిచిన ఆ మ్యాచ్ కూడా ఇవాళ్టి మొత్తంలో ఒకటిగా కూర్చుని ఉంది.

పాతకాలం సంగతని కొట్టిపారేయకండి, ఇప్పుడూ తక్కువేం కాదు. రెగ్యులర్ సీజన్‌లో ఉండే 12 మ్యాచ్‌లలో ఒకటి కింది స్థాయి జట్టుతో పెట్టుకోవడం చాలామందికి అలవాటు. డబ్బిచ్చి పిలుస్తారు, ఉతికి పంపుతారు. అప్పుడప్పుడు బెడిసికొడుతుంది. 2007 సెప్టెంబరు 1న అపలాచియన్ స్టేట్ మిషిగన్‌ని దాని సొంత మైదానంలోనే, లక్షకు పైగా జనం ముందు 34–32తో ఓడించింది. మిషిగన్ అభిమాని ఎవరైనా మీ దగ్గర ఎక్కువ మాట్లాడితే ఆ జట్టు పేరు మెల్లగా ఎత్తండి చాలు.

అందుకే రెండు జట్లను పోల్చేటప్పుడు కాన్ఫరెన్స్ చూడండి. ఎస్ఈసీ, బిగ్ టెన్ లాంటి పెద్ద కాన్ఫరెన్స్‌లలో పది గెలుపులకీ చిన్న కాన్ఫరెన్స్‌లో పది గెలుపులకీ ఎక్కడా పొంతన ఉండదు. 2024లో టెక్సస్, ఓక్లహోమా ఎస్ఈసీలో చేరాయి, యూఎస్‌సీ, యూసీఎల్ఏ, ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి వచ్చి అది 18 జట్లదైంది. కాబట్టి 2023 దాకా ఉన్న గెలుపు శాతాలతో ఈ జట్ల భవిష్యత్తు అంచనా వేయడం కూడా అంత భద్రం కాదు.

నక్షత్రం గుర్తులున్న గెలుపులు

పట్టికల్లో కొన్ని అంకెల పక్కన చిన్న చుక్క ఉంటుంది. దాన్ని వదిలేయొద్దు. నియమాలు తప్పిన జట్ల గెలుపుల్ని ఎన్‌సీఏఏ పుస్తకాల్లోంచి కొట్టేస్తుంది. అలబామాకి 2005 నుంచి 2007 దాకా 21 గెలుపులు అలా పోయాయి, ఆటగాళ్ళు పాఠ్యపుస్తకాల వ్యవహారంలో చేసిన తప్పుకి. నోటర్ డామ్‌కి 2012, 2013 సీజన్లవి 21 పోయాయి, చదువులో మోసానికి. ఒహాయో స్టేట్‌కి 2010 సీజన్ మొత్తం పోయింది, ఆటగాళ్ళు తమ వస్తువులు అమ్ముకుని, పచ్చబొట్లు వేయించుకున్న గొడవలో. పెన్ స్టేట్ కోచ్ జో పటెర్నోకి 2012లో, సహాయ కోచ్ చేసిన లైంగిక నేరాల కేసు తర్వాత, 111 గెలుపులు కొట్టేసి 2015లో మళ్ళీ తిరిగిచ్చారు. ఆయన పేరు మీద ఇప్పుడు 409 ఉన్నాయి.

ఈ కొట్టివేతలో ఒక వింత ఉంది. గెలిచినవాడి గెలుపు పోతుంది గానీ ఓడినవాడి ఓటమి పోదు. 2010లో ఒహాయో స్టేట్ మిషిగన్‌ని 37–7తో ఓడించింది. ఒహాయో పుస్తకంలో ఆ గెలుపు లేదు, మిషిగన్ పుస్తకంలో ఆ ఓటమి ఉంది. 2004 నుంచి 2019 దాకా వాళ్ళిద్దరూ ఆడిన 16 మ్యాచ్‌లలో ఒహాయో స్టేట్ మైదానంలో గెలిచింది 15, లెక్కల్లో 14. ఎవరు ఏ అంకె చెబుతున్నారో విని వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళో చెప్పేయొచ్చు.

గెలుపును కోల్పోయినట్టు రాసి ఎదుటి జట్టుకి ఇచ్చేయడం ఇంకో రకం. 1993లో అలబామా మైదానంలో 9 గెలిచి 3 ఓడి ఒకటి టై చేసింది. అధికారిక రికార్డు మాత్రం 1 గెలుపు, 12 ఓటములు. నేనైతే జట్టు బలం కొలిచేటప్పుడు మైదానంలో జరిగిందే చూస్తాను. పరువు కొలవాలనుకుంటే పుస్తకంలో ఉన్నది చూడండి.

టైటిళ్ళ లెక్క ఇంకా గందరగోళం

ఇక్కడ ఎక్కువసేపు ఆగను, ఎందుకంటే జాతీయ టైటిల్ అనేదాన్ని ఎన్‌సీఏఏ ఈ స్థాయిలో ఎప్పుడూ తనంతట తాను ఇవ్వలేదు. విలేకరుల ఓట్లతో ర్యాంకులిచ్చే ఏపీ పోల్ 1936లో మొదలైంది, 1998 నుంచి పై రెండు జట్లకీ ఫైనల్ పెట్టే బీసీఎస్, 2014 నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్, 2024 నుంచి 12 జట్ల ప్లేఆఫ్. అంతకు ముందు కాలానికి ఎవరికి వారు చెప్పుకున్నదే లెక్క. అలబామా తనకి 18 టైటిళ్ళంటుంది. అందులో 1941 ఒకటి. ఆ ఏడాది అలబామా రెండు మ్యాచ్‌లు ఓడి ఏపీ పోల్‌లో 20వ స్థానంలో ఉంది! 2017లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని సెంట్రల్ ఫ్లోరిడాని ప్లేఆఫ్‌కి పిలవలేదు, వాళ్ళు తామే చాంపియన్లమని ప్రకటించుకుని ఊరేగింపు కూడా చేసుకున్నారు. రెండు జట్లను టైటిళ్ళతో పోల్చాలంటే 1936 తర్వాతివి మాత్రమే తీసుకోండి. గొడవ సగం తగ్గుతుంది.

మీరు చూడబోయేది ఏ కాలం?

ఎంపిక చేసుకునేవాళ్ళు అందరికన్నా తక్కువగా పట్టించుకునేది ఇదే. వందేళ్ళ శాతం మీ శనివారాన్ని కాపాడదు.

నెబ్రాస్కాని చూడండి. 1969 నుంచి 2001 దాకా వరసగా 33 సీజన్లు, ప్రతిసారీ కనీసం 9 గెలుపులు. కోచ్ టామ్ ఆస్బోర్న్ 25 ఏళ్ళలో 255 గెలిచి 49 మాత్రమే ఓడాడు. 1994, 1995, 1997 టైటిళ్ళు ఆయనవే. ఆ అంకెలు చూసి 2017లో ఎవరైనా నెబ్రాస్కాని ఎంచుకుని ఉంటే, 2023 దాకా ఏడు సీజన్లు వరసగా గెలుపులకన్నా ఓటములే ఎక్కువ చూసి ఉంటారు. మొత్తం గెలుపుల పట్టికలో మాత్రం నెబ్రాస్కా పైనే ఉంది. 1962 నుంచి వాళ్ళ స్టేడియంలో ప్రతి మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి, అదో వేరే రకం రికార్డు. ఆ జనం ఓపికకి దండం పెట్టాలి.

ఎదురుగా ఇండియానా ఉంది. చరిత్రలో ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్ల పేర్లు చెప్పమంటే ముందు వరసలో వచ్చే పేరది. 2024లో కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ మొదటి ఏడాదే 11 గెలిపించి ప్లేఆఫ్‌కి తీసుకెళ్ళాడు. 2025లో బిగ్ టెన్ ఫైనల్లో ఒహాయో స్టేట్‌ని 13–10తో ఓడించారు. అంతకు ముందు తరంలో బిల్ స్నైడర్ కాన్సస్ స్టేట్‌లో ఇలాంటి పనే చేశాడు గానీ, ఆయనకి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఒకట్రెండు సీజన్లు చాలుతున్నాయి. కారణం డబ్బూ, ఆటగాళ్ళ కదలికా. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరూ బొమ్మా వాడుకుని సంపాదించుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా కాలేజీ మారడం తేలికైంది. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బివ్వొచ్చు. పాత పేరుప్రతిష్ఠలు చూసి కుర్రాళ్ళు చేరే రోజులు పూర్తిగా పోలేదు, కానీ దాని పట్టు సడలింది.

అందుకే నేను చూసే పద్ధతి: గత పాతికేళ్ళ రికార్డుకి ఎక్కువ విలువ, అందులోనూ కోచ్ మారినప్పుడు జట్టు ఏమైందన్నది ముఖ్యం. మొత్తం చరిత్ర, ఇద్దరు సమానంగా తూగినప్పుడు మొగ్గు చూపడానికి.

మరి ఎవర్ని తీసుకోవాలి?

నిలకడ కావాలంటే ఒహాయో స్టేట్. 1989 నుంచి 2024 దాకా గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన సీజన్ ఒకే ఒక్కటి, పచ్చబొట్ల గొడవ తర్వాత వచ్చిన 2011. ఈ మధ్యలో కోచ్‌లు ఎంతమంది మారినా జట్టు కూలిపోలేదు. 2024లో టైటిల్ కూడా గెలిచింది, ఫైనల్లో నోటర్ డామ్‌ని 34–23తో ఓడించి. కానీ అదే ఏడాది మిషిగన్ చేతిలో ఓడింది, వరసగా నాలుగోసారి. ఒహాయో అభిమానికి టైటిల్ వచ్చిన ఏడు కూడా టెన్షన్ తప్పదు.

శిఖరం చూడాలంటే అలబామా. నిక్ సేబన్ 2007 నుంచి 2023 దాకా ఆరు టైటిళ్ళు తెచ్చాడు, 2008 నుంచి ప్రతి సీజన్‌లోనూ పదికి తగ్గకుండా గెలిపించాడు. అంతకుముందు బేర్ బ్రయంట్ కూడా ఆరు తెచ్చాడు. వాళ్ళు చెప్పుకునే 18లో 12 ఈ ఇద్దరివే. బ్రయంట్ వెళ్ళాక సేబన్ వచ్చేదాకా గడిచిన పాతికేళ్ళలో వచ్చింది 1992 టైటిల్ ఒక్కటే. కోచ్ మీద అంతగా ఆధారపడ్డ చరిత్ర అది. సేబన్ 2024 జనవరిలో రిటైరయ్యాడు కాబట్టి ఇప్పుడు చేరేవాళ్ళు కళ్ళు తెరుచుకుని చేరాలి.

మిషిగన్‌ది పెద్ద అంకెలున్న జట్టుకి ఆశ్చర్యం కలిగించే చరిత్ర. 1948 తర్వాత వచ్చినవి రెండే టైటిళ్ళు. 1997లో నెబ్రాస్కాతో పంచుకున్నది, 2023లో వాషింగ్టన్‌ని 34–13తో ఓడించి సొంతంగా తెచ్చుకున్నది. ఎప్పుడూ బాగా ఆడుతుంది, చివరి మెట్టు ఎప్పుడో గానీ ఎక్కదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసేవాళ్ళకి వేరే ఆలోచన అక్కర్లేదు, మిషిగన్ స్టేట్‌లో చదివి ఉంటే తప్ప.

నోటర్ డామ్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరదు, 1991 నుంచి సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లు ఎన్‌బీసీలో వస్తాయి, చివరి టైటిల్ 1988లో. దేశంలో ఎక్కడున్నా టీవీలో చూడొచ్చన్నది దీని అసలు సౌకర్యం. ఊళ్ళు మారుతూ ఉండే కన్సల్టెంట్ ఉద్యోగులకి ఇది సరిపోతుంది. ద్వేషించేవాళ్ళు కూడా అంతే ఎక్కువ, దానికి సిద్ధపడాలి.

ఇక డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వాళ్ళ సంగతి. మీ ఎంపిక టెక్సస్, ఓక్లహోమా మధ్యే ఉంటుంది. ముఖాముఖిలో టెక్సస్ ముందుంది, 60కి పైగా గెలిచింది. టైటిళ్ళలో ఓక్లహోమా ముందుంది: టెక్సస్ నాలుగు చెప్పుకుంటే వాళ్ళు ఏడు. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైజ్మన్ ట్రోఫీలు ఓక్లహోమాకి ఏడు, టెక్సస్‌కి రెండు. 1953 నుంచి 1957 దాకా ఓక్లహోమా వరసగా 47 మ్యాచ్‌లు గెలిచిన రికార్డుని పై స్థాయిలో ఇంతవరకూ ఎవరూ అందుకోలేదు. చివరికి నోటర్ డామ్ 7–0తో ఆపింది. టెక్సస్ మీద ఎప్పుడూ ఉండే ఫిర్యాదు, అంత డబ్బూ అంత పెద్ద రాష్ట్రమూ ఉండి ఇన్నేనా అన్నది. 2010 నుంచి 2016 దాకా నాలుగు సీజన్లలో ఓటములే ఎక్కువ. మళ్ళీ 2023లోనూ 2024లోనూ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా వచ్చింది.

చరిత్ర ఒక్కటే చూస్తే ఓక్లహోమాకే నా ఓటు. పిల్లలు టెక్సస్‌లో పెరుగుతుంటే మాత్రం టెక్సస్ తీసుకోండి, రేపు వాళ్ళు ఆ జట్టు యూనివర్సిటీ ఉన్న ఆస్టిన్‌లో చేరితే ఇంట్లో రెండు పార్టీలు కాకుండా ఉంటాయి. తేల్చుకోలేకపోతే అక్టోబరులో స్టేట్ ఫెయిర్ జరిగేటప్పుడు కాటన్ బౌల్‌కి వెళ్ళి ఈ రెండు జట్ల మ్యాచ్ చూడండి. స్టేడియం సరిగ్గా మధ్యలోంచి చీలి సగం నారింజ రంగు, సగం ఎరుపు కనిపిస్తుంది. ఏ సగం గోల మీకు నచ్చితే అదే మీ జట్టు. టికెట్ కొనేటప్పుడు మాత్రం సీటు ఏ సగంలో వస్తుందో చూసుకోండి, తప్పు రంగు చొక్కాతో నాలుగు గంటలు కూర్చోవడం కష్టం. అదే టికెట్‌తో ఫెయిర్‌లోకి కూడా వెళ్ళొచ్చు, కాబట్టి పిల్లలతో పొద్దున్నే బయల్దేరితే మేలు.